తవ్విన గుంత – తీర్చవలసిన బాధ్యత

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!



మన జిల్లాల్లో ఏ ఊరి నుంచి ఏ ఊరికి వెళ్లినా దారి పక్కన ఒక దృశ్యం కనిపిస్తుంది. ఒకప్పుడు గుట్టగానో మెట్ట చేనుగానో ఉన్న నేల తలుపు ఊడిన గదిలా తెరుచుకుని ఉంటుంది. నిలువుగా కోసిన ఎర్రటి గోడలు, అడుగున వాన నీరు, చుట్టూ సర్కారు తుమ్మ. గ్రావెల్ తీసినవారు వెళ్లిపోయి ఉంటారు. ఆ మొరంతో వేసిన రోడ్డుపై మనం ప్రయాణిస్తుంటాం. దానితో మెరక చేసిన స్థలంలో ఇళ్లు, పాఠశాలలు, మస్జిదులు లేచి ఉంటాయి. గుంత మాత్రం అలాగే ఉండిపోతుంది. ఆ ఊరి పశువులు అందులో జారిపడతాయి. సెలవు రోజున ఈతకు దిగిన పిల్లలు మునిగిపోయారన్న వార్త ప్రతి వేసవిలోనూ, ప్రతి వానాకాలంలోనూ ఏదో ఒక మూల నుంచి వస్తూనే ఉంటుంది.

ఈ గుంతను పూడ్చి, నేలను సరిచేసి, మళ్లీ పచ్చగా మార్చే బాధ్యత ఎవరిది? ఆ పని గురించి ఎప్పుడు ఆలోచించాలి? ఇది గనుల శాఖకు సంబంధించిన విషయమే గాని ధర్మానికి సంబంధించినది కాదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఈ విషయంలో షరీఅత్ మనకు ఏం బోధిస్తుందో తెలుసుకుందాం.

తవ్వకం ధర్మసమ్మతమే

మొదట ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. భూమిలో నుంచి రాయి, మట్టి, ఖనిజం తీయడం నిషిద్ధం కాదు. భూమిలో ఉన్నదంతా అల్లాహ్ మానవుల కోసమే సృష్టించాడని దివ్య ఖుర్ఆన్ తెలియజేస్తోంది (అల్ బఖరా : 29). దైవప్రవక్త (సఅసం) హజ్రత్ బిలాల్ బిన్ హారిస్ ముజనీ (రజి)కి ఖబలియ్యా ప్రాంతపు గనులను అప్పగించిన సంగతి ముఅత్తా ఇమామ్ మాలిక్, సునన్ అబూ దావూద్ గ్రంథాలలో ఉంది. కనుక గ్రావెల్ వ్యాపారం చేసేవారి సంపాదన, అనుమతులూ కొలతలూ సరిగా ఉన్నంతవరకు, హలాల్ సంపాదనే.

అయితే సునన్ అబూ దావూద్‌లోనే మరో సంఘటన కూడా ఉంది. హజ్రత్ అబ్యజ్ బిన్ హమ్మాల్ (రజి) మఆరిబ్‌లోని ఉప్పు గనిని తనకు ఇవ్వమని కోరారు. దైవప్రవక్త (సఅసం) ఇచ్చారు. ఆ ఉప్పు ఎండిపోని ఊటనీటి లాంటిదని, అందరూ సులభంగా తీసుకునేదని సభలో ఒకరు చెప్పగానే ఆయన దానిని తిరిగి తీసుకున్నారు. ఈ రెండు సంఘటనలను కలిపి చూస్తే సూత్రం అర్థమవుతుంది. గని తవ్వే హక్కు ఒక వ్యక్తికి ఇవ్వవచ్చు. కాని ఆ హక్కు ప్రజల ప్రయోజనానికి లోబడి ఉంటుంది. ప్రజలకు నష్టం కలిగేచోట ఆ హక్కు ఆగిపోతుంది.

భూమి అమానతు

సూరా హూద్ 61వ ఆయతులో హజ్రత్ సాలిహ్ (అలైహి) తన జాతికి చేసిన హితబోధ ఉంది. అల్లాహ్ మిమ్మల్ని నేల నుంచే పుట్టించాడని, దానిలో మిమ్మల్ని నివసింపజేసి దానిని వృద్ధి చేసే పనిని మీకు అప్పగించాడని ఆయన గుర్తుచేశారు. హనఫీ ధర్మవేత్త ఇమామ్ జస్సాస్ (రహ్మ) ఈ ఆయతు నుంచి ఒక ఆదేశాన్ని గ్రహించారు. సేద్యంతో, చెట్లతో, కట్టడాలతో భూమిని వర్ధిల్లజేయడం మానవులపై బాధ్యత అన్నారు. సూరా అల్ ఆరాఫ్ 56వ ఆయతు, చక్కదిద్దబడిన నేలలో కల్లోలం రేపవద్దని వారిస్తోంది. సూరా అల్ బఖరా 205వ ఆయతు, పైకి తియ్యగా మాట్లాడి వెనుదిరిగాక పంటలనూ సంతతినీ నాశనం చేసేవాని స్వభావాన్ని వర్ణించి, అల్లాహ్ కల్లోలాన్ని ప్రేమించడని చెబుతోంది.

ఒక్కసారి ఆలోచించండి. గ్రావెల్ పొర పైన జానెడు నుంచి మూరెడు మందాన సారవంతమైన మట్టి ఉంటుంది. ఆ మట్టి తయారవడానికి వందల ఏళ్లు పడుతుంది. అందులో విత్తనాలు, వానపాములు, కంటికి కనిపించని కోట్లాది సూక్ష్మజీవులు ఉంటాయి. ఒక హెక్టారులో 20 సెంటీమీటర్ల మందాన ఆ మట్టి ఉందనుకుంటే మొత్తం 2,000 ఘనపు మీటర్లు అవుతుంది. టిప్పరుకు 10 ఘనపు మీటర్ల లెక్కన 200 లోడ్లు. ఇటుక బట్టీకో తోటకో ఆ 200 లోడ్లు అమ్ముకుంటే చేతికి కొంత సొమ్ము వస్తుంది. తరువాత ఆ గుంతలో ఎన్ని మొక్కలు నాటినా వేరూనడానికి మట్టి ఉండదు. తాను పుట్టించని దానిని, తిరిగి తయారుచేయలేని దానిని అమ్ముకునే ముందు విశ్వాసి ఆగి ఆలోచించాలి కదా!

ఒప్పందం నెరవేర్చడం విధి

లీజు పత్రం ఒక ఒప్పందం. ఒప్పందాలను నెరవేర్చండన్న ఆదేశంతోనే సూరా అల్ మాయిదా ప్రారంభమవుతుంది. ముస్లిములు తాము అంగీకరించిన షరతులకు కట్టుబడి ఉండాలని హదీసు ఉంది (అబూ దావూద్, తిర్మిజీ).

మన దేశ చట్టం పెట్టిన షరతులు కూడా తెలుసుకోవాలి. 5 హెక్టార్ల కన్నా చిన్న క్వారీలకు సైతం పర్యావరణ అనుమతి తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరి 27న ఆదేశించింది. తవ్వకం పూర్తయిన తర్వాత లీజుదారు ఆ నేలపై, తన పని వల్ల చెడిన ఇతర నేలపై తిరిగి గడ్డి పెంచాలని, పశుగ్రాసానికీ మొక్కలకూ జీవాలకూ తగినట్లుగా దానిని మార్చాలని, ఈ షరతును లీజుల్లో చేర్చాలని 2020 జనవరి 8న అదే కోర్టు కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. రోడ్ల వంటి పనుల కోసం మట్టి తవ్వేవారికి పర్యావరణ అనుమతి అవసరం లేదంటూ 2020 మార్చి 28న వచ్చిన మినహాయింపును 2024 మార్చి 21న కొట్టివేసింది. కనుక నేలను సరిచేయడం లీజుదారు ఇష్టానికి వదిలిన పుణ్యకార్యం కాదు. మాట ఇచ్చి తీసుకున్న బాధ్యత. దానిని ఎగవేయడం మాట తప్పడమే.

హద్దుల విషయం మరింత తీవ్రమైనది. ఇతరుల నేలను జానెడు అన్యాయంగా ఆక్రమించినా ప్రళయదినాన ఏడు భూముల బరువు మెడకు చుట్టబడుతుందని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. హజ్రత్ సయీద్ బిన్ జైద్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. లీజు హద్దు దాటి పక్క రైతు గట్టు కిందికో, చెరువు శిఖంలోకో, ఊరి పోరంబోకులోకో రాత్రిపూట యంత్రాన్ని నడిపించేవారు ఈ హెచ్చరికను గుర్తుంచుకోవాలి.

ఒక సందేహం, సమాధానం

కొద్దిగా చదువుకున్న కొందరు ఒక హదీసును ముందుకు తెస్తారు. బావిలో, గనిలో జరిగే ప్రమాదానికి పరిహారం ఉండదని హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనం బుఖారీలో ఉంది కదా, మరి గుంతలో ఎవరైనా పడితే మా తప్పేముందని అడుగుతారు.

ఈ హదీసు ప్రామాణికమైనదే. కాని దాని భావాన్ని ధర్మవేత్తలు వివరించారు. తన సొంత నేలలో, లేదా అనుమతి ఉన్నచోట, ఎవరి హక్కునూ మీరకుండా తవ్వినవానికే ఈ వెసులుబాటు వర్తిస్తుంది. ప్రజలు నడిచే దారిలో అనుమతి లేకుండా ఎవరైనా బావి తవ్వితే, అందులో పడి మనిషి చనిపోతే, అతని వర్గంపై దియత్ అంటే రక్తపరిహారం పడుతుందని, పశువు చనిపోతే తవ్వినవాడే తన సొమ్ముతో నష్టం చెల్లించాలని హనఫీ గ్రంథం హిదాయాలో ఉంది. అంటే అతిక్రమణ జరిగినప్పుడు బాధ్యత తప్పదు.

ఈ సూత్రాన్ని మన క్వారీలకు అన్వయించి చూడండి. ప్రభుత్వం ఇచ్చిన అనుమతి కొన్ని షరతులతో కూడినది. కంచె వేయాలి, హద్దు నుంచి దూరం పాటించాలి, గోడలను మెట్లుగా వదలాలి, చివర నేలను సరిచేయాలి. ఆ షరతులన్నీ పాటించినవానికి అనుమతి రక్షణగా ఉంటుంది. షరతులను కాలదన్ని, నిలువు గోడల గుంతను కంచె లేకుండా వదిలి వెళ్లినవాడు ఆ అనుమతి చాటున దాక్కోలేడు. ఎవరికీ హాని తలపెట్టరాదు, హానికి ప్రతిగా హాని చేయరాదు అన్న అర్థంగల హదీసు (ఇబ్ను మాజా) షరీఅత్‌లో ఒక మూలసూత్రం.

ప్రణాళిక ముందే వేయాలి

పని అంతా అయ్యాక మిగిలిన డబ్బుతో పూడుస్తామని చెప్పేవారు చాలామంది ఉన్నారు. అప్పటికి డబ్బు మిగలదు, యంత్రాలు వేరే చోటికి వెళ్లిపోతాయి, పైమట్టి ఎప్పుడో పోయి ఉంటుంది. అందుకే నేల పునరుద్ధరణ ప్రణాళికను మొదటి గంప మట్టి ఎత్తకముందే వేసుకోవాలి. దానికయ్యే ఖర్చును గ్రావెల్ ధరలోనే కలపాలి. లోడుకు ఇంత అని మొదటి రోజు నుంచి విడిగా జమ చేయాలి. ఆ ప్రణాళికలో ముఖ్యమైన అంశాలు ఇవి:

మొదటిది, ఈ నేల చివరకు ఏం కావాలి? మేత బీడా, చెట్ల తోపా, చేనా, నీటి కుంటా? నేల యజమానితోనూ ఊరివారితోనూ సంప్రదించి దీనిని ముందే నిర్ణయించాలి. ఎంత లోతు తవ్వాలో, ఎక్కడ ఆపాలో ఈ నిర్ణయాన్ని బట్టే తేలుతుంది. భూగర్భ జలమట్టం కన్నా పైనే తవ్వకం ఆపితే తిరిగి చేయడం సులభం. చుట్టుపక్కల బావులకూ బోర్లకూ నష్టం తగ్గుతుంది.

రెండవది, పైమట్టిని వేరుగా తీసి వేరుగా కుప్ప పోయాలి. అడుగున వచ్చే పనికిరాని రాళ్లు, మట్టి మరో కుప్ప. రెండూ కలిపితే రెండూ చెడతాయి. పైమట్టి కుప్ప మనిషి ఎత్తుకు మించకూడదు. మరీ ఎత్తుగా పోస్తే లోపల గాలి ఆడక అందులోని జీవం నశిస్తుంది. కొట్టుకుపోకుండా దానిపై జనుము, జీలుగ, ఉలవ వంటివి చల్లాలి. ఏళ్ల తరబడి నిల్వ ఉంచకుండా వీలైనంత త్వరగా వాడాలి.

మూడవది, మొత్తం నేలను ఒకేసారి చీల్చకుండా భాగాలుగా విభజించాలి. రెండవ భాగం తవ్వేటప్పుడు వచ్చే పైమట్టిని తవ్వడం పూర్తయిన మొదటి భాగంపై నేరుగా పరవాలి. ఇలా చేస్తే మట్టిని రెండుసార్లు ఎత్తే ఖర్చు తప్పుతుంది. ఒకవేళ వ్యాపారం మధ్యలో ఆగినా సగం నేల అప్పటికే సరై ఉంటుంది.

నాలుగవది, గోడలు. నిలువు గోడ ఎప్పుడైనా కూలుతుంది. నిలువు ఒక అడుగుకు అడ్డం మూడడుగుల చొప్పున వాలుగా చదును చేస్తే మట్టి నిలుస్తుంది, గడ్డి పట్టుకుంటుంది, పడినవాడు పైకి ఎక్కి రాగలడు. నీటి కుంటగా వదలదలిస్తే ఈ వాలు మరింత తప్పనిసరి. పైనుంచి వచ్చే వాననీరు గుంతలోకి దూకకుండా చుట్టూ కాలువ తీయాలి. బురదనీరు పొలాల్లోకి పోకముందే పేరుకునేందుకు చిన్న గుంట ఉండాలి.

పచ్చదనం తిరిగి తెచ్చే పద్ధతి

టిప్పర్లు, జేసీబీలు తిరిగిన అడుగు నేల సిమెంటు గచ్చులా బిగుసుకుపోయి ఉంటుంది. దానిమీద గుంటలు తీసి మొక్క పెడితే కుండీలో పెట్టినట్లే. నీరు కిందికి దిగదు, వేరు పక్కకు పోదు. ముందుగా లోతు దున్నకంతో నేలను చీల్చాలి. దానిపై పక్కన పెట్టిన అడుగుమట్టి, ఆ పైన పైమట్టి పరవాలి. పశువుల ఎరువు కలపాలి. వాలుకు అడ్డంగా కందకాలు తీయాలి. ఈ పని అంతా వేసవిలోనే ముగించి తొలకరికి సిద్ధంగా ఉండాలి.

మొదటి వానలకు గడ్డీ, పప్పుజాతి మొక్కలూ వేయాలి. గరిక, స్టైలో, జనుము నేలను కప్పుతాయి. పప్పుజాతి మొక్కల వేళ్లలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మట్టికి అందిస్తాయి. వాలు కట్టలపై వట్టివేరు మట్టిని పట్టి ఉంచుతుంది. వాటితోపాటు ఈ నేలకు అలవాటైన చెట్లు నాటాలి. కానుగ, వేప, చండ్ర, మోదుగ, రేల, రేగు, సీతాఫలం, తేమ నిలిచేచోట నేరేడు. మూడు మీటర్ల ఎడంతో హెక్టారుకు సుమారు 1,100 మొక్కలు పడతాయి. కనీసం మూడేళ్లు కాపలా ఉండాలి. చనిపోయిన మొక్కల స్థానంలో కొత్తవి నాటాలి, మేకలను ఆపాలి, మొదటి రెండు వేసవులు నీరు పోయాలి. ప్రారంభోత్సవం రోజున ఫోటో దిగి వదిలేసిన మొక్క మరుసటి ఉగాదికి కనిపించదు.

ఇది సాధ్యమేనా అన్న అనుమానం వద్దు. కెన్యా దేశంలో మొంబాసా నగరం దగ్గర బంబూరి సిమెంటు కర్మాగారం సున్నపురాయి తీసి వదిలిన నేల ఉప్పు నీటి గుంతలతో కొలిమిలా ఉండేది. రెనే హాలర్ అనే వ్యవసాయ శాస్త్రవేత్త 1971లో అక్కడ పని మొదలుపెట్టాడు. 26 రకాల మొక్కలు నాటితే మూడు రకాలే బతికాయి. వాటిలో ఒకటి మన కోస్తా జిల్లాల్లో విస్తారంగా పెంచే సరుగుడు. దాని ఎండుటాకులు కుళ్లకుండా పేరుకుపోతుంటే వాటిని తిని ఎరువుగా మార్చే రోకలిబండ పురుగులను తెచ్చి వదిలారు. మెల్లగా నల్లటి మట్టి తయారైంది, ఇతర చెట్లు వచ్చాయి, పక్షులు వచ్చాయి. ఆ క్వారీ నేడు హాలర్ పార్క్ అనే వనం. మన దేశంలో గురుగ్రామ్ వద్ద ఒకప్పటి రాతి క్వారీల నేల, సుమారు 390 ఎకరాలు, 2010 నుంచి ప్రజల శ్రమతో, ఆరావళి కొండల స్వదేశీ చెట్లతో అడవిగా మారింది. కాళ్ల కింద పాకే పురుగును కూడా అల్లాహ్ ఒక ప్రయోజనంతోనే సృష్టించాడు. ఆలోచించేవారికి ఇందులో సూచనలున్నాయి.

కొన్ని సాకులు

సర్కారు తుమ్మ దానంతట అదే మొలుస్తుంది కదా అంటారు. అది మొలిచి ఇతర మొక్కలను రానివ్వదు. దానితో నేల పచ్చగా కనిపించవచ్చు గాని మునుపటి మేత, మునుపటి చెట్లు తిరిగి రావు.

ఊరి చెత్తతో పూడుద్దామంటారు. గ్రావెల్ నేల జల్లెడ లాంటిది. చెత్త నుంచి కారే విషపు నీరు నేరుగా భూగర్భ జలంలోకి దిగుతుంది. ఒక హానిని మరో హానితో తొలగించరాదన్నది ఫిఖహ్ సూత్రం.

మేము మస్జిదుకు చందా ఇస్తున్నాం, రమజానులో పేదలకు బియ్యం పంచుతున్నాం అంటారు. అల్లాహ్ స్వీకరించుగాక! కాని బాధ్యతను ఎగవేసి చేసే దానం ఆ బాధ్యతను రద్దు చేయదు. బాకీ ఉన్నవాడు ముందు బాకీ తీర్చాలి, తరువాత దానం చేయాలి. మృతుని ఆస్తిని పంచకముందే అప్పులు తీర్చాలని సూరా అన్నిసా ఆదేశిస్తోంది. లీజు షరతు తీర్చకుండా తండ్రి మరణిస్తే, వారసులు పంపకానికి ముందే ఆ ఖర్చు గురించి తెలిసిన ముఫ్తీని సంప్రదించడం మంచిది.

ఎవరి వంతు ఎంత?

లీజుదారుపై ప్రధాన బాధ్యత ఉంది. నేల ఇచ్చిన రైతు సోదరుడు కూడా డబ్బు తీసుకుని ఊరుకోకుండా పైమట్టి భద్రత, చివరి వాలు, మొక్కల కాపలా ఒప్పంద పత్రంలో రాయించుకోవాలి. రాతపూర్వక ఒప్పందాన్ని అల్ బఖరా 282వ ఆయతు ప్రోత్సహించింది. యంత్రాలు నడిపే తమ్ముళ్లు హద్దు రాయి కనబడినచోట ఆగాలి. యజమాని చెప్పాడన్న మాట అక్కడ పనికిరాదు. సృష్టికర్తకు అవిధేయత అయ్యే పనిలో ఎవరి మాటా వినరాదు. గ్రావెల్ కొనేవారు, మరీ ముఖ్యంగా మస్జిదు, మదరసా, ఈద్గాహ్ కమిటీల ముతవల్లీలు, లోడు ఎక్కడి నుంచి వస్తోందో, దానికి పర్మిట్ ఉందో లేదో అడగాలి. అల్లాహ్ గృహపు పునాదిలో దొంగ మట్టి పోయడం ఎంత మాత్రం శోభించదు.

ఇక ఎవరు తవ్వారో తెలియని పాత గుంతలు ఊరూరా ఉన్నాయి. వాటిని వదిలేయకండి. మొదట కంచె, హెచ్చరిక బోర్డు పెట్టించండి. దారిలోంచి హాని కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక శాఖ అని దైవప్రవక్త (సఅసం) చెప్పారు. తరువాత పంచాయతీ అనుమతితో గోడలు వాలు చేసి చెట్లు నాటండి. ముస్లిం నాటిన చెట్టు నుంచి మనిషో పక్షో పశువో తిన్నది అతనికి దానంగా రాయబడుతుందని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీలో ఉంది. ప్రళయం ముంచుకొచ్చే వేళ కూడా చేతిలో మొక్క ఉంటే, వీలైతే నాటమని ముస్నద్ అహ్మద్‌లోని హదీసు చెబుతోంది. ఇది సదఖయె జారియా. మీ కులమతాలు చూడకుండా ఊరందరికీ నీడనిస్తుంది.

సోదరులారా! గనుల శాఖ అధికారి ఏడాదికి ఒకసారి వస్తాడు. అల్లాహ్ దూతలు ప్రతి లోడునూ రాస్తూనే ఉన్నారు. ఆ రోజున భూమి తన సమాచారాన్ని తానే వినిపిస్తుందని సూరా అజ్జిల్‌జాల్ తెలియజేస్తోంది. మనం తవ్విన నేల మన గురించి ఏం చెబుతుందో ఇప్పుడే ఆలోచించుకుందాం. తవ్వకం సాగుతున్నవారు ఈ వారమే ప్రణాళిక రాసుకోండి, పైమట్టిని కాపాడండి. తవ్వి వదిలినవారు వచ్చే తొలకరిలోపే తిరిగి వెళ్లి సరిచేయండి. పశ్చాత్తాపపు ద్వారం తెరిచే ఉంది. తౌబా అంటే నోటితో అనడం మాత్రమే కాదు, చెడగొట్టిన దానిని చక్కదిద్దడం కూడా.

ఓ అల్లాహ్! నీవు మాకు అప్పగించిన ఈ నేలను నీకు నచ్చే విధంగా వాడుకునే బుద్ధిని ప్రసాదించు. మా సంపాదనను హలాల్ చేయి. మా చేతుల వల్ల ఏ తల్లికీ కడుపుకోత కలగకుండా కాపాడు. మేము చెడగొట్టిన దానిని బాగుచేసే శక్తినీ ఆయుష్షునూ మాకు ఇవ్వు. ఆమీన్.